జబ్బు కాదని అయ్యగారు ఒప్పుకున్న ఏడాది

మా తెలుగు లూథరన్ సంఘానికి మస్కట్‌లో సొంత గుడి లేదు. ఒకే ప్రహరీ లోపల రకరకాల సంఘాలు హాళ్లను గంటల లెక్కన పంచుకుంటాయి. శుక్రవారం పొద్దున మలయాళీలు, తర్వాత ఫిలిప్పీన్స్ వాళ్లు, మధ్యాహ్నం మూడింటికి మేము. కుర్చీలు మా వైపుకు తిప్పుకుని, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, కీబోర్డు తీగలు తగిలించేసరికి ఎప్పుడూ పది నిమిషాలు ఆలస్యమయ్యేది. గుంటూరు, నరసరావుపేట, రాజమండ్రి వైపు వాళ్లం అరవై మంది దాకా వచ్చేవాళ్లం.

నేను ఇక్కడ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగంలో నర్సును. వచ్చి ఇరవై రెండేళ్లు. మావారు మత్రాలో ఒక షిప్పింగ్ ఆఫీసులో చేస్తారు, కాపురం దార్సైట్‌లో. ఇప్పుడు రాస్తున్నది నా కథ కాదు, నేనూ అందులో ఉన్నాను, అంతే. ఎవరి కథో అతని అనుమతి తీసుకునే రాస్తున్నాను. గుర్తుపట్టగల వివరాలు కొన్ని మార్చాను. ఈ దేశంలో ఈ విషయం చట్టం ముందు కూడా నేరమే. పట్టుబడితే ఉద్యోగం పోవడంతో ఆగదు.

ఆరేళ్ల కిందట మా సంఘానికి కొత్త అయ్యగారు వచ్చారు. యాభై దాటిన మనిషి, సన్నగా, కొంచెం వంగి నడిచేవారు. సెమినరీ చదువు అయ్యాక కౌన్సెలింగ్‌లో ఇంకో చదువు చదివారట. అంతకుముందు వచ్చిన పాస్టర్లు మనం రెండు మాటలు చెప్పగానే కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేవాళ్లు. ఈయన వినేవారు. హాలు వెనక కుర్చీలు పేర్చే చిన్న గది ఉంది. శనివారం సాయంత్రాలు అక్కడ కూర్చుని, ఎవరు వస్తే వాళ్లు చెప్పుకున్నదంతా విని, ఒక నల్ల అట్ట పుస్తకంలో ఏదో రాసుకునేవారు.

మా సంఘంలో ఒకామె కాన్పు అయ్యాక బిడ్డను ముట్టుకోవడం మానేసింది. దయ్యం పట్టిందని, ఉపవాస ప్రార్థన పెట్టాలని పెద్దలు అన్నారు. అయ్యగారు ఒప్పుకోలేదు. నన్ను పిలిచి, "అమ్మా, ఇది మీ విభాగం పని, రేపే తీసుకెళ్లండి" అన్నారు. తీసుకెళ్లాను. మూడు నెలల్లో ఆమె మామూలు మనిషైంది. ఆ తర్వాత ఆయన మాట మీద మాకందరికీ గురి కుదిరింది. మనిషి మనసు గురించి డాక్టర్లు చెప్పేది కూడా దేవుడిచ్చిన తెలివేనని ఆయన ప్రసంగాల్లో తరచూ చెప్పేవారు.

మా కీబోర్డు వాయించే అతనికి అప్పుడు ముప్పై మూడేళ్లు. బర్కా దగ్గర ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. శుక్రవారం షేర్ టాక్సీలో గంట ప్రయాణం చేసి వచ్చేవాడు. పాత కీర్తనలు ఏ రాగంలో ఎత్తుకున్నా వెంట రాగలడు. ముసలివాళ్లు శ్రుతి తప్పితే తనే శ్రుతి మార్చి వాళ్లను కలుపుకునేవాడు. నన్ను అక్కా అనేవాడు. ఆరాధన అయ్యాక చాలాసార్లు మా ఇంట్లో భోంచేసి వెళ్లేవాడు. చీరాల దగ్గర వాళ్లమ్మ సంబంధం చూసిందని, వచ్చే సెలవుల్లో పెళ్లని చెప్పినప్పుడు నేను సంతోషించాను. అతను కంచంలోకి చూస్తూ ఊ అన్నాడు, అంతే.

ఒక శనివారం అయ్యగారి దగ్గర నుంచి ఫోను. రమ్మన్నారు. వెళితే గదిలో అతనూ ఉన్నాడు. నా ముందు చెప్పడానికి అతని ఒప్పుదల తీసుకున్నానని అయ్యగారు ముందే అన్నారు. అతను తల ఎత్తకుండా చెప్పాడు. "నాకు ఆడవాళ్ల మీద మనసు పోదక్కా. చిన్నప్పట్నుంచీ అంతే. పెళ్లైతే సర్దుకుంటుందేమో అనుకున్నా. ఇప్పుడు భయమేస్తంది."

అయ్యగారు పెద్దగా కంగారు పడలేదు. మా నాన్న పల్నాడులో ఒక పల్లెకు ఉపదేశిగా, పాస్టరు లేని వారాల్లో ఆరాధన నడిపేవాడిగా చేశారు. ఆయన రోజుల్లో సంఘంలో ఒక దర్జీ గురించి ఇలాంటి మాటే బయటికొస్తే రిజిస్టరులో అతని పేరు మీద గీత కొట్టారు. ప్రభు భోజనం ఇచ్చే బల్ల దగ్గరికి రానివ్వలేదు. అతను ఊరు వదిలి వెళ్లిపోయాడు. చెడ్డ పాపం అని మాత్రం మాకు చెప్పారు, ఏ పాపమో నాకు పెద్దయ్యాకే తెలిసింది. ఆ సంగతి నేను చెబితే అయ్యగారు, "అదే పాత పొరపాటు. ఇది పాపం అనేకంటే జబ్బు అనాలి. రోగిని ఎవరైనా వెలేస్తారా?" అన్నారు. ఆ మాట ఎంత దయగా వినిపించిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. అతని ముఖం కూడా కొంచెం తేటపడింది.

జబ్బు అన్నాక వైద్యం ఉండాలి కదా. అయ్యగారు తను చదువుకున్న పద్ధతి ప్రకారం మొదలుపెట్టారు. తండ్రి ఇంట్లో ఉండేవాడా, లేక దూరంగా ఉద్యోగమా? తల్లి మరీ గారాబం చేసిందా? ఎన్నేళ్ల వరకు తల్లి పక్కన పడుకున్నావు? అతను ఫోన్లో వాళ్లమ్మను కూడా అడిగి జవాబులు తెచ్చేవాడు. అయ్యగారు పుస్తకంలో రాసుకునేవారు. రోజూ వ్యాయామం, మగవాళ్లతో ఆటలు, పెళ్లికూతురితో వారానికి రెండుసార్లు ఫోను. ఎడమ మణికట్టుకు ఒక రబ్బరు బ్యాండు. మనసు అటు పోయినప్పుడల్లా లాగి వదలాలి. అతను అన్నీ చేశాడు. అలాంటి మనిషే అతను. చెప్పిన లెక్కకు ఒకటి ఎక్కువే చేస్తాడు.

నాలుగు నెలలు గడిచాయి. అతను చిక్కిపోయాడు. ఒక శుక్రవారం రెండో కీర్తన మధ్యలో వాయించడం ఆపి, ఎక్కడున్నాడో మర్చిపోయినవాడిలా కీబోర్డు మెట్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. మేము పాట వాద్యం లేకుండానే పూర్తిచేశాం. ఆ రోజు మా ఇంట్లో అతను చెయ్యి కడుక్కుంటూ చొక్కా చేతులు మడిచినప్పుడు మణికట్టు చూశాను. చుట్టూ ఎర్రటి గీతలు, రెండు చోట్ల చర్మం చిట్లి ఉంది.

"నిద్ర పడుతుందా?" అని అడిగాను.

"లేదక్కా. మొన్న సైట్‌లో నాలుగో అంతస్తు మీద నిలబడితే, కాలు జారితే బాగుండనిపించింది" అన్నాడు. అన్నం కలుపుకుంటూనే అన్నాడు.

నేను ఏళ్లుగా ఇలాంటి మాటలు వింటున్న మనిషిని. అయినా ఆ చెయ్యి చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ దేశపు వార్డు కాదు. నర్సింగ్ చదివే రోజుల్లో మమ్మల్ని రెండు నెలలు ఒక మానసిక చికిత్సాలయానికి పంపారు. అక్కడ ఇరవై ఏళ్ల అబ్బాయిని ఇంట్లోవాళ్లు ఇదే కారణంతో తెచ్చి చేర్పించారు. మగవాళ్ల ఫోటోలు చూపిస్తూ ముంజేతికి కరెంటు పెట్టేవాళ్లు. చిన్న షాకే. రికార్డులో చికిత్స అని రాసేవాళ్లు. కదలకుండా చెయ్యి పట్టుకోవడం నా పని. పట్టుకున్నాను. అతను ఏడవలేదు, గోల చెయ్యలేదు. ప్రతిసారీ "సిస్టర్, ఇంకా ఎన్ని?" అని మాత్రం అడిగేవాడు. నేను సరిగ్గా లెక్క చెప్పేదాన్ని. ఈ సంగతి నేను మావారికి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

మర్నాడు డ్యూటీలో మా వార్డు పెద్ద డాక్టరును పక్కకు పిలిచి, పేరు చెప్పకుండా అడిగాను. ఆయనది పూనా వైపు. ఎవరినీ నొప్పించేలా మాట్లాడరు. మొత్తం విని, నిద్ర లేకపోవడం, చావాలన్న ఆలోచన, ఈ రెండింటికీ వెంటనే చికిత్స చెయ్యాలి, ఆసుపత్రి రికార్డుల్లోకి ఎక్కకుండా తనే బయట చూస్తానన్నారు. అసలు విషయానికి మాత్రం చికిత్స లేదన్నారు.

"ఎందుకు లేదు సార్?"

"అది జబ్బు కాదు కాబట్టి. మా జబ్బుల జాబితాల్లోంచి ఎప్పుడో తీసేశారు."

ఎప్పుడు అని అడిగాను. నేను ఏ సంవత్సరంలో ట్రైనింగ్ చేశానో ఆయన కనుక్కున్నారు. చెప్పాను. "అప్పటికే తీసేశారు సిస్టర్" అన్నారు. ఆ రోజు మిగతా డ్యూటీ ఎలా చేశానో నాకు తెలియదు. మందుల ట్రాలీ తోసుకుంటూ వెళ్లి, ఒకే మంచం దగ్గర రెండుసార్లు నిలబడ్డానట.

అయ్యగారికి చెప్పడానికి వెళ్లాను. ఆయనకు నచ్చలేదు. అంతవరకు నాతో ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, డాక్టర్లు లోకం ఎటు పోతే అటు పోతారని, సంఘం అలా పోకూడదని అన్నారు. నాకూ కోపం వచ్చింది. మా నాన్న పాపమంటే అది పాత పొరపాటు అన్నారు కదా, ఆ మాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు, డాక్టర్ల దగ్గరే కదా అన్నాను. "వాళ్లు జబ్బు అన్నప్పుడు విన్నారు. కాదన్నప్పుడు వినరా అయ్యగారూ?"

అప్పుడు కరెంటు సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, ఆయన్ని ఒప్పించడానికి మాత్రం కాదు. ఒప్పుకోలు చెప్పినట్టుగానే చెప్పాను. విన్నాక ఆయన, ఒప్పుకోలు విన్న పాస్టరు పలికే పాపక్షమాపణ మాటలు పలకలేదు. నల్ల అట్ట పుస్తకం మూసి, నాలుగు వారాలు గడువు ఇవ్వమ్మా అన్నారు. ఈలోగా అతన్ని డాక్టరు దగ్గరకు పంపమన్నారు.

ఆ నాలుగు వారాలూ శనివారం గదికి తాళం వేసి ఉంది. ఆయన చదువుకున్నారని తర్వాత తెలిసింది. తనతో సెమినరీలో చదివి, యూరప్‌లో ఒక లూథరన్ సంఘంలో స్థిరపడిన స్నేహితుడితో గంటల తరబడి ఫోన్లో మాట్లాడారట. ఐదో వారం మావారూ నేనూ వాళ్లింటికి టీకి వెళ్లినప్పుడు విన్నదంతా చెప్పారు. అక్కడ ఈ విషయంలో మార్పు సంఘ సభల్లో మొదలు కాలేదట. పాస్టర్లను ఆసుపత్రులకు పంపి రోగుల పక్కన కూర్చోబెట్టి శిక్షణ ఇవ్వడం మొదలయ్యాక, ముందు పాపమనే మాట పోయి జబ్బనే మాట వచ్చింది. దానివల్ల కొంత జాలి పెరిగింది. కానీ నయం చెయ్యాలని ఏళ్ల తరబడి కూర్చున్న పాస్టర్లకే అది నయం కావడం లేదని, నయం కావాలన్న ప్రయత్నమే మనిషిని తినేస్తోందని అందరికంటే ముందు తెలిసింది. తర్వాత డాక్టర్లే ఆ మాట వెనక్కి తీసుకున్నారు. సంఘ సభలు మాత్రం చాలా ఏళ్లు పోట్లాడుకున్నాయి. కొన్ని చీలిపోయాయి. కొన్ని ఒప్పుకున్నాయి, కొన్ని ఇప్పటికీ ఒప్పుకోవు. మన వైపు సంఘాల్లో ఆ మాటే ఎవరూ ఎత్తరు.

టీ చల్లారిపోయింది. ఆయన ఇంకో సంగతి చెప్పారు. ఇండియాలో ఉన్నప్పుడు ఇలాగే ఒకాయనకు ఏడాదిపాటు కౌన్సెలింగ్ చేసి, నయమైందని నమ్మి, తనే పెళ్లి చేయించారట. రెండేళ్లకు ఆ అమ్మాయి పుట్టింటికి వెళ్లిపోయింది. "ఆమె ఒకసారి గుడి దగ్గర కనబడి అడిగిందమ్మా, మీకు ముందే తెలుసా అయ్యగారూ అని. తెలుసు అన్నాను. ఇంకేం అడగలా" అన్నారు. ఆయన భార్య వంటగది గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమెకూ అది కొత్త సంగతేనని ముఖం చూస్తే తెలిసింది.

తర్వాతి శనివారం ముగ్గురం ఆ గదిలో కూర్చున్నాం. డాక్టరు మందుతో అతనికి నిద్ర పడుతోంది, కొంచెం ఒళ్లు చేశాడు. బ్యాండు మాత్రం ఇంకా చేతికే ఉంది. ఎవరూ తియ్యమని చెప్పలేదు కాబట్టి తియ్యలేదు.

అయ్యగారు కుర్చీ దగ్గరికి లాక్కుని, "అది తీసెయ్ బాబూ" అన్నారు. "నేను నీకు తప్పు చెప్పా. నాకు తెలిసింది పాతది. నీది జబ్బు కాదు. నీకు నయం కావాల్సిందేం లేదు. నేను పెట్టిన నొప్పికి నన్ను క్షమించు."

అతను, "మరి బైబిల్లో ఉన్నదో?" అని అడిగాడు.

"దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు" అన్నారు అయ్యగారు. "చదువుతున్నా. ఉన్న నాలుగు వచనాలు ఏ మనుషుల గురించి రాశారో, నీలాంటివాళ్ల గురించేనో కాదో ఇప్పుడు నేను గట్టిగా చెప్పలేను. బల్ల దగ్గరికి మాత్రం నువ్వు రావాలి. అది గట్టిగా చెప్పగలను."

ఎవరూ కావలించుకోలేదు. అతను బ్యాండు తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో వేసుకున్నాడు. బయట పక్క హాల్లో శ్రీలంక వాళ్ల పాటల అభ్యాసం జరుగుతోంది.

పెళ్లి ఆపాలి. అతను వాళ్లమ్మకు తనే చెప్పాడు. ఆమె నమ్మలేదు. అయ్యగారితో మాట్లాడతానంది. స్పీకరు పెట్టారు.

"అయ్యగారూ, మందులు వాడినా తగ్గదా?"

"తగ్గడానికి అది జబ్బు కాదమ్మా."

"మరి పాపమైతే ప్రార్థన చేస్తాం. జబ్బైతే ఆస్పత్రికి తీసుకుపోతాం. ఏదీ కాకపోతే నేనేం చెయ్యాలి?"

అయ్యగారు ఆ పిల్ల జీవితం పాడు చెయ్యొద్దు, ముందు సంబంధం మానుకోండి, తర్వాత సంగతి తర్వాత అన్నారు. ఆమె ఫోను పెట్టేసింది. సంబంధం మానుకున్నారు. ఎనిమిది నెలలు కొడుకుతో మాట్లాడలేదు.

పెళ్లి తప్పిపోయిందంటే కారణం ఏమిటని సంఘంలో గుసగుసలు మొదలయ్యాయి. కమిటీలో ఒక పెద్దాయన, మత్రాలో ఒక బట్టల దుకాణంలో ఎన్నో ఏళ్లుగా సూపర్‌వైజరు, దగ్గరదగ్గరగా ఊహించాడు. చెడ్డ మనిషి కాదు. ఎవరు చనిపోయినా శవపేటికను సొంత ఊరికి పంపే కాగితాల కోసం సెలవు పెట్టి తిరిగేది ఆయనే. ఒక శుక్రవారం ఆరాధన తర్వాత కమిటీ ముందు, కీబోర్డు దగ్గర ఇంకొకర్ని పెట్టాలన్నాడు. కారణం చెప్పమన్నారు అయ్యగారు. కారణం మీకే తెలుసు, శనివారాలు మీ దగ్గరికి వచ్చేవాడు కదా అన్నాడు.

"శనివారం గదిలో విన్నది నేను ఈ గదిలో చెప్పను. మీదైనా చెప్పను" అన్నారు అయ్యగారు.

పెద్దాయన కాస్త తగ్గాడు. ఆయన కూడా ఒకప్పుడు ఆ గదిలో కూర్చున్నవాడే. అయితే అదంతా పాపమని ఒక ప్రసంగం చెయ్యండి, పేరు అక్కర్లేదు, చాలు అన్నాడు. అయ్యగారు, నాకు నమ్మకం లేని మాట ప్రసంగ పీఠం మీద నుంచి చెప్పను అన్నారు. దాంతో విషయం బయటపడ్డట్టే అయింది. రెండు కుటుంబాలు వేరే తెలుగు క్రైస్తవ సహవాసానికి వెళ్లిపోయాయి. పెద్దాయన వెళ్లలేదు. కొన్ని వారాలు వెనక వరసలో కూర్చుని, తర్వాత మళ్లీ ముందుకొచ్చాడు. అయ్యగారు చెప్పిందానికి ఒప్పుకున్నాడో లేదో నేను అడగలేదు.

అతను కీబోర్డు మానలేదు.

అయ్యగారి గడువు రెండేళ్ల కిందట అయిపోయింది. తిరిగి వెళ్లాక, జిల్లా పాస్టర్ల కూటంలో కౌన్సెలింగ్ గురించి మాట్లాడమంటే ఈ విషయమే మాట్లాడారట. తను చేసిన రెండు తప్పులూ, పేర్లు లేకుండా, చెప్పారట. ఎవరూ ప్రశ్నలు అడగలేదు. అధ్యక్షుడు వందన సమర్పణ చేసి ముగించాడు. భోజనాల దగ్గర ఇద్దరు పాస్టర్లు, ఒకరికి తెలియకుండా ఒకరు, వచ్చి ఆ ప్రసంగం కాగితాలు జిరాక్స్ ఇస్తారా అని అడిగారట. ఇద్దరంటే తక్కువ కాదమ్మా అని ఫోన్లో నాతో అన్నారు.

పోయిన చలికాలం అతని తల్లి విజిట్ వీసా మీద వచ్చి నెల ఉంది. నాలుగు శుక్రవారాలూ ఆరాధనకు వచ్చింది. మొదటి వారం నా పక్కనే కూర్చుంది. మా ఇంట్లో చేపలు శుభ్రం చేస్తూ ఉన్నట్టుండి నన్ను అడిగింది. "నువ్వు డాక్టర్ల దగ్గర పనిచేస్తావంట కదమ్మా. వాడు చిన్నప్పుడు నా పక్కనే పడుకునేవాడు. పదేళ్లొచ్చేదాకా. వాడోసారి ఫోన్లో అది అడిగాడు. నా వల్లే వచ్చిందా?"

కాదని చెప్పాను. ఎవరి వల్లా రాదని, అలా అనుకున్న కాలం ఒకటుండేదని, అది తప్పని తేలిందని చెప్పాను. ఆమె కత్తి పక్కన పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, "నాలుగేళ్లాయె ఈ మాట ఎవర్నన్నా అడుగుదామనుకుని" అంది. మళ్లీ చేప పొలుసు తియ్యడంలో పడింది. కొడుకు సంగతి ఆమె పూర్తిగా ఒప్పుకుందని చెప్పలేను. వెళ్లేటప్పుడు విమానాశ్రయంలో, వీడు ఒంటరిగా ముసలివాడైతే ఎట్టా అని నన్నే అడిగింది. మేమున్నాం అని మాత్రం అన్నాను.

ఇప్పుడొచ్చిన పాస్టరు గారు చిన్నవారు, మంచి గొంతు. శనివారం గది మళ్లీ తెరిచారు. మా సంఘం నియమాల కాగితంలో ఏ వాక్యమూ మారలేదు, మార్చమని ఎవరూ అడగలేదు. అతనికి ఇప్పుడు కంపెనీలో పదోన్నతి వచ్చింది, సొంత కారుంది. బర్కా నుంచి వస్తూ దారిలో ఇద్దరు ముగ్గుర్ని ఎక్కించుకుంటాడు. కమిటీ పెద్దాయనకు మోకాళ్లు అరిగిపోయాయి, డ్రైవింగ్ మానేశాడు. పోయిన నెల నుంచి ఆయన్ని ఇంటి దగ్గర దించేది అతనే.